ఇంటిల్లిపాదికీ ఒకటే కంప్యూటర్ ఉన్నప్పుడు కార్డు వివరాలను కాపాడుకోవడం ఎలా?

అమ్మా, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను. తిరుపతి బైరాగిపట్టెడలో మీ ఇల్లు. హాల్లో ఒకటే కంప్యూటర్. దాని మీదే మీరు చీరల వ్యాపారం లెక్కలు చూసుకుంటారు, ఊళ్లలో ఉన్న బంధువులకు తిరుమల దర్శనం టికెట్లు తీసిపెడతారు. ఇంటర్ చదివే మీ అబ్బాయి పాఠాలు వింటాడు. మదనపల్లె నుంచి వచ్చి మీ దగ్గరే ఉంటూ డిగ్రీ చదువుతున్న మీ మరిది కొడుకు కాలేజీ పని చేసుకుంటాడు. మామగారు పొద్దున్నే పేపరు చదువుతారు. మొన్న స్టేట్‌మెంటు చూస్తే ఏదో విదేశీ ఆటల సైటుకు మీ డెబిట్ కార్డు నుంచి రెండుసార్లు డబ్బు వెళ్లింది. ఓటీపీ రాలేదు. ఎవరిని అడిగినా తమకు తెలియదన్నారు. పిల్లలను దొంగల్లా చూడకుండా, కార్డు వివరాలు మీ చేతిలోనే ఉండేలా ఆ కంప్యూటర్‌ను ఎలా సర్దుకోవాలి అని అడిగారు.

నేను ఈ ఊళ్లో 22 ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఇళ్లకు వెళ్లి చేసే పనే ఎక్కువ. మీరు చెప్పిన పరిస్థితి నాకు బాగా తెలుసు, మా ఇంట్లోనే జరిగింది కాబట్టి ఇంకా బాగా తెలుసు.

సర్దడం తర్వాత. ముందు తొందరగా చేయవలసిన పని ఒకటుంది. ఈ రోజే మీ బ్యాంకు యాప్‌లో ఆ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆపేయండి. ఆ తర్వాత బ్యాంకుకు ఫోను చేసి ఈ రెండు మొత్తాల గురించి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివారి మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోగా తెలియజేస్తే ఆ నష్టం మనది కాదు. 4 నుంచి 7 పనిదినాలైతే కొంత పరిమితి వరకు మనం భరించాలి. మన అజాగ్రత్త వల్ల పోయినదైతే, బ్యాంకుకు చెప్పేవరకు పోయినదంతా మనదే. చెప్పిన తర్వాత పోయినది బ్యాంకుది. అందుకే రోజులు లెక్కపెట్టుకోవాలి.

అయితే ఒక మాట. దీన్ని మోసమని రాయించే ముందు ఇంట్లో మరొక్కసారి మాట్లాడండి. మన ఇంటి పిల్లవాడే బొత్తాం నొక్కి ఉంటే అది బయటి మోసం కాదు. మోసం జరిగిందని ఫిర్యాదు చేస్తే అది తప్పుడు ఫిర్యాదు అవుతుంది, పైగా విచారణ తిరిగి తిరిగి మీ ఇంటికే వస్తుంది. అలాంటప్పుడు చేయవలసింది ఆ సైటుకు రాసి డబ్బు వెనక్కి అడగడం. పిల్లలు తెలియక కొన్నవాటికి, వెంటనే అడిగితే తిరిగి ఇచ్చే సైట్లు ఉన్నాయి. నిజంగా ఎవరూ చేయలేదని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేయండి. "ఎవరు చేశారు?" అని అడిగితే పిల్లల నోట జవాబు రాదు. "ఆ సైటులో ఎవరి అకౌంటు తెరిచి ఉంది, ఒకసారి కలిసి చూద్దామా?" అని పక్కన కూర్చోబెట్టుకోండి. అడిగే తీరు మారితే జవాబు కూడా మారుతుంది.

మా ఇంట్లో 2018 వేసవిలో ఏం జరిగిందో చెబుతాను. మా అన్నయ్య కొడుకు సెలవులకు వచ్చాడు. అప్పుడు వాడికి పన్నెండేళ్లు. అంతకు రెండు నెలల ముందు నేను ఒక విదేశీ సైటులో సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. కార్డును గుర్తుపెట్టుకోమంటూ కింద చిన్న గడి ఉంటుంది కదా, అందులో టిక్కు ముందే పెట్టి ఉంది. నేను చూడకుండా ముందుకు వెళ్లిపోయాను. అదే సైటులో ఆటలు కూడా అమ్ముతారు. రాత్రి భోజనం చేస్తుండగా ఫోనుకు వరుసగా మూడు మెసేజీలు వచ్చాయి. చేయి కడుక్కుని వెళ్లి చూస్తే తెర మీద నా కార్డు చివరి నాలుగు అంకెలు, పక్కన పచ్చటి బొత్తాం. సీవీవీ అడగలేదు, ఓటీపీ అడగలేదు. వాడు దాన్ని ఆటలో వచ్చే నాణేలనే అనుకున్నాడు. డబ్బు అన్న మాట ఆ తెర మీద ఎక్కడా లేదు. వాడిని కోప్పడ్డాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టిక్కు వదిలేసింది నేను, తిట్లు తిన్నది వాడు.

అందుకే మొదట ఈ ఓటీపీ సంగతి తేల్చుకుందాం. మన దేశంలోని వ్యాపారులకు కార్డుతో ఆన్‌లైన్‌లో చెల్లించేటప్పుడు మామూలుగా రెండో ధ్రువీకరణ, అంటే మనకు అలవాటైన ఓటీపీ, ఉంటుంది. విదేశీ సైట్ల దగ్గర ఆ అడ్డు ఉంటుందన్న భరోసా లేదు. 2022 అక్టోబరు 1 నుంచి మన వ్యాపారులు కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు, దాని బదులు టోకెన్, అంటే అసలు నంబరు చోట నిలిచే మారు సంకేతం, వాడాలి అన్న నియమం వచ్చింది. అదీ దేశం లోపలి చెల్లింపుల కోసమే. ఇక 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన మరో నియమం ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల యంత్రాలలో మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్ వాడకాన్నీ, విదేశీ వాడకాన్నీ మనమే తెరుచుకోవాలి. మీది ఆ తర్వాత వచ్చిన కార్డైతే, ఎప్పుడో ఒక అవసరానికి తెరిచి, మూయడం మరిచిపోయి ఉంటారు. యాప్‌లో కార్డుల భాగంలోకి వెళ్తే ఒక్కొక్కదానికీ విడిగా మీట ఉంటుంది, రోజువారీ పరిమితి కూడా మీరే పెట్టుకోవచ్చు. అంతర్జాతీయం మూసేయండి. ఆన్‌లైన్ పరిమితిని మీరు మామూలుగా కొనేదానికి సరిపడా తగ్గించండి. కంప్యూటర్‌లో ఏ పొరపాటు జరిగినా కార్డు నుంచి ఒక రోజులో పోయేది ఆ గీత దాటదు.

ఇక కంప్యూటర్. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో అందరూ ఒకే యూజర్ మీద, పాస్‌వర్డ్ లేకుండా పనిచేస్తున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. అది ఉన్నంతకాలం బ్రౌజర్‌లో మీరు ఎన్ని జాగ్రత్తలు పడినా పర్సును వరండాలో పెట్టి వచ్చేపోయేవారిని కనిపెట్టుకుని కూర్చున్నట్టే. పిల్లలను కాపలా కాయడం వల్ల మీకూ శాంతి ఉండదు, వాళ్లకూ ఉండదు. పర్సును గదిలోకి మార్చాలి. ఎవరి యూజర్ వారికి, ఎవరి పాస్‌వర్డ్ వారికి ఉండాలి.

విండోస్‌లో యూజర్లు రెండు రకాలు. ఒకటి అడ్మినిస్ట్రేటర్, రెండోది స్టాండర్డ్. అడ్మినిస్ట్రేటర్ ఇంటి పెద్దలాంటివాడు, ఏ గదిలోకైనా వెళ్లగలడు, ఎవరి పాస్‌వర్డైనా మార్చగలడు. స్టాండర్డ్ యూజర్ తన పని తాను చేసుకుంటాడు, ఇతరుల ఫోల్డర్లు తెరవలేడు, కంప్యూటర్ మొత్తానికి సంబంధించినవి మార్చాలంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ ఒక్కటే ఉండాలి, అది రోజువారీ పనికి ఎవరూ వాడకూడదు. మీరు కూడా వాడకూడదు. మీరు స్టాండర్డ్‌గా ఉంటే, మీరు పొరపాటున తెరిచిన చెడ్డ ఫైలు చేతులు కూడా అంత దూరం చాచలేవు.

చేసే వరుస ముఖ్యం. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అందులో ఇతర యూజర్ల భాగంలో ముందు ఒక కొత్త యూజర్‌ను చేసి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. బయటికి వచ్చి ఆ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లగలుగుతున్నారా అని స్వయంగా చూసుకోండి. అది కుదిరాకే మిగతావారికి స్టాండర్డ్ యూజర్లు చేయండి. చివరగా, అందరూ వాడుతున్న పాత యూజర్‌ను మీ ఒక్కరికే ఉంచుకుని, పాస్‌వర్డ్ పెట్టి, స్టాండర్డ్‌గా దించండి. పాతది మీకే ఎందుకంటే మీ లెక్కలు, సేవ్ అయిన పాస్‌వర్డులు అందులోనే ఉన్నాయి. పిల్లల ఫైళ్లను ముందుగా పబ్లిక్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే, వాళ్లు తమ యూజర్ నుంచి తీసుకుంటారు. వరుస తప్పి, ఉన్న ఒక్క అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మరిచిపోయి, కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని నా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి చెప్పాలి. ఇలాంటి లోకల్ యూజర్‌కు పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు విండోస్ మూడు రహస్య ప్రశ్నలకు జవాబులు రాయమంటుంది. మీరు పుట్టిన ఊరు ఏది, మొదట చదివిన బడి పేరేమిటి, చిన్నప్పటి ముద్దుపేరు ఏమిటి, అందరిలో పెద్ద కజిన్ పేరేమిటి, ఇలాంటివే ఉంటాయి. పాస్‌వర్డ్ మరిచిపోయానంటే ఈ మూడింటికీ జవాబు చెప్పి కొత్తది పెట్టుకోవచ్చు. ఊరూ పేరూ తెలియనివారికి ఇవి రహస్యాలే. మన ఇళ్లలో మీ ముద్దుపేరు తెలియనివారు ఎవరు? మీ అత్తగారు రోజూ పిలిచేదే కదా. అందుకని నిజమైన జవాబులు రాయకండి. బడి పేరు అడిగిన చోట సంబంధం లేని మాట ఏదైనా రాయండి. ఆ మూడు మాటలూ, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డూ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కాగితం మీద రాయకూడదని అంటుంటారు గానీ, ఇంట్లో బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో మీకు తెలుసు. కంప్యూటర్ పక్కన అంటించనంతవరకు కాగితమే మేలు.

తర్వాతది బ్రౌజర్. "క్రోమ్‌లో ఒక్కొక్కరికీ ఒక ప్రొఫైల్ చేశాను కదా, అది చాలదా?" అని చాలామంది నన్ను అడుగుతారు. చాలదమ్మా. ప్రొఫైల్ అంటే గదిలో కట్టిన తెర లాంటిది. ఎవరి సామాను వారివైపు ఉంటుంది, చేత్తో తప్పిస్తే అటువైపు కనిపిస్తుంది. పైన ఉన్న బొమ్మ నొక్కితే ఒకరి ప్రొఫైల్‌లోంచి ఇంకొకరి ప్రొఫైల్‌లోకి వెళ్లవచ్చు. నిజమైన గోడ విండోస్ యూజర్ దగ్గరే ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూడండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డుల భాగం తెరిచి, ఏదైనా సైటు పేరు మీద నొక్కి, పక్కనున్న కన్ను గుర్తు నొక్కండి. విండోస్‌కు పాస్‌వర్డ్ ఉంటే ముందు అది అడుగుతుంది. లేకపోతే మీ పాస్‌వర్డ్ అక్షరాలతో సహా తెర మీద కనిపిస్తుంది. మీ ఇంట్లో ఇన్నాళ్లూ జరుగుతున్నది రెండోదే. అందుకే యూజర్లు విడదీశాక బ్యాంకు, ఈమెయిల్, కొనుగోళ్ల సైట్ల పాస్‌వర్డులన్నీ ఒకసారి మార్చండి. ఈమెయిల్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే మిగతావాటి పాస్‌వర్డులు మార్చే లింకులు వచ్చేది దానికే. చాలా సైట్లలో అన్ని పరికరాల నుంచి బయటికి రావడానికి ఒక సదుపాయం ఉంటుంది, అదీ నొక్కండి. అదే సెట్టింగ్స్‌లో చెల్లింపుల భాగంలోకి వెళ్లి, సేవ్ అయిన కార్డులు తొలగించి, ఇకముందు సేవ్ చేయమని అడగకుండా ఆ మీట ఆపేయండి. బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం బ్రౌజర్‌లో ఎప్పుడూ ఉంచకండి.

జీమెయిల్ ఎవరిది వారికే ఉండాలి. మీ అబ్బాయి క్రోమ్‌లో మీ జీమెయిల్‌తో లాగిన్ అయి సింక్ ఆన్‌లో ఉంటే, మీ ఫోనులో మీరు సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు కూడా వాడి తెర మీదికి నడిచి వస్తాయి. బడిలో చేర్చినప్పుడు "అమ్మ మెయిల్ ఇద్దాంలే" అని మొదలైనది ఇక్కడి దాకా వస్తుంది.

ఇంకొకటి, నేను ఎవరి ఇంటికి వెళ్లినా తప్పకుండా చూసేది. ఓటీపీ ఫోనుకు వస్తుందని మనం ధైర్యంగా ఉంటాం. కానీ ఫోనులోని మెసేజీలు కంప్యూటర్‌లో కనిపించే ఏర్పాటు ఒకటుంది. చీరల ఆర్డర్ల కోసం మీరు వాట్సాప్‌ను కంప్యూటర్‌లో తెరిచినట్టే, గూగుల్ మెసేజెస్‌ను కూడా ఎవరో ఒకసారి తెరిచి ఉంటారు. విండోస్‌తో వచ్చే ఫోన్ లింక్ కూడా ఇదే పని చేస్తుంది. అప్పుడు కార్డు నంబరు ఉన్న తెర మీదే, కింద కుడి మూలన ఓటీపీ కూడా వచ్చి కూర్చుంటుంది. రెండు తాళాలు వేసి రెండు తాళంచెవులనూ ఒకే కొక్కేనికి తగిలించినట్టు. మీ ఫోనులో మెసేజెస్ యాప్ తెరిచి, జత చేసిన పరికరాలు ఏవో చూసి, అన్నీ తీసేయండి. వాట్సాప్‌లో లింక్ అయిన పరికరాలనూ చూడండి. వ్యాపారానికి కావలసినది మీ యూజర్‌లో మాత్రమే మళ్లీ తెరుచుకోండి. ఫోనుకు తాళం పడి ఉన్నప్పుడు మెసేజీలోని విషయం తెర మీద కనిపించకుండా చేయండి. మీ ఫోను పిన్ మీ అబ్బాయికి తెలిస్తే, అదీ మార్చాలి.

దర్శనం టికెట్ల విషయం విడిగా చెప్పాలి. ఈ ఊరి ఇళ్లలో కార్డు వివరాలు బ్రౌజర్‌లోకి చేరే పెద్ద దారి అదేనని నా అనుభవం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలయ్యే రోజు చేతులు వణుకుతాయి. ఆధార్ నంబర్లు కొట్టేసరికే సగం సమయం పోతుంది, కార్డు నంబరు కొట్టేలోపు స్లాట్ పోతుందేమోనని సేవ్ చేసేస్తాం. ఆ నంబర్ల కోసం డెస్క్‌టాప్ మీద "టికెట్లు" అని ఒక ఫైలు ఉంటుంది. అందులో చిత్తూరు పెద్దమ్మ దగ్గర నుంచి పలమనేరు వియ్యపురాలి వరకు అందరి పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు. మీ డబ్బు పోతే మీకే నష్టం. ఆ ఫైలు బయటికి పోతే మిమ్మల్ని నమ్మి ఇచ్చిన వాళ్లందరికీ నష్టం. దాన్ని ఈ రోజే మీ యూజర్‌లోని డాక్యుమెంట్స్‌లోకి మార్చండి. వాట్సాప్‌లో వచ్చిన ఆధార్ ఫొటోలు డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటాయి, పని అయిపోయినవి తీసేయండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

చెల్లింపు కోసం తొందర ఉంటే కార్డు సేవ్ చేయడం కన్నా మంచి దారి ఉంది. యూపీఐ ఇచ్చిన చోట, తెర మీది క్యూఆర్‌ను ఫోనుతో స్కాన్ చేసి ఫోనులోనే పిన్ కొట్టండి. కార్డు నంబరు కంప్యూటర్‌ను తాకనే తాకదు. ఇంకా మేలైనది, ఆన్‌లైన్ ఖర్చులకని విడిగా ఒక చిన్న పొదుపు ఖాతా. ఇంటి డబ్బు ఉన్న ఖాతా నుంచి అవసరమైనప్పుడు మూడు నాలుగు వేలు అందులోకి వేసుకోండి. మా ఇంట్లో 2018 తర్వాత మేము చేసుకున్నది ఇదే. ఇక సైటు పేరు గూగుల్‌లో వెతకకండి. తిరుమల పేరుతో నకిలీ సైట్లు ఎన్నోసార్లు బయటపడ్డాయి. ttdevasthanams.ap.gov.in అని ఒకసారి చేత్తో కొట్టి, మీ యూజర్‌లో బుక్‌మార్క్ చేసుకుని, ప్రతిసారీ దాని మీదే నొక్కండి.

మీ మరిది కొడుకు పెన్‌డ్రైవ్‌లో ఆటలు, సాఫ్ట్‌వేర్లు తెచ్చి వేస్తుంటాడని రాశారు. డబ్బు కట్టవలసినవాటిని ఉచితంగా పనిచేయించే అలాంటి ఫైళ్లలో, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు, లాగిన్లు ఏరుకుని బయటికి పంపే ప్రోగ్రాములు దాగి ఉండవచ్చు. మీ విషయంలో డబ్బు పోయింది కూడా. నేనైతే ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని, విండోస్‌ను మొదటి నుంచి రీసెట్ చేసి, ఆ తర్వాతే పైన చెప్పిన యూజర్లు చేస్తాను. పాస్‌వర్డులు మార్చడం కూడా ఆ తర్వాతే. కాస్త శ్రమ, కానీ అనుమానం ఉన్న యంత్రం మీద కొత్త పాస్‌వర్డ్ కొట్టడం అంటే దాన్ని కూడా అప్పగించడమే. పనిలో పనిగా విండోస్ ఏదో చూడండి. విండోస్ 10 అయితే దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కంప్యూటర్‌కు తాహతు ఉంటే 11కు మారండి.

పిల్లలకు మాత్రం ముందే చెప్పండి. రాత్రికి రాత్రి యూజర్లు మార్చేసి, పొద్దున మీ అబ్బాయి కంప్యూటర్ ముందు పొరుగింటివాడిలా నిలబడే పరిస్థితి తేకండి. "నీకంటూ ఒక యూజర్, నీ పాస్‌వర్డ్ నాకు కూడా చెప్పనక్కరలేదు, నా దానిలోకి నువ్వు రావద్దు" అంటే పదహారేళ్ల కుర్రవాడికి అది గౌరవం. వాడికి తెలియకుండా వాడు కొట్టే ప్రతి అక్షరాన్నీ నమోదు చేసే ప్రోగ్రాములు పెట్టమని తల్లిదండ్రులు నన్ను అడుగుతారు. నేను పెట్టను. అది తెలిసిన రోజు ఇంట్లో జరిగేది నేను చూశాను. పైగా ఆ ప్రోగ్రాము మీ బ్యాంకు పాస్‌వర్డును కూడా నమోదు చేస్తుంది. వాడు ప్రోగ్రాములు వేసుకోవాలంటే చాలావాటికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతూ ఒక తెర వస్తుంది. మిమ్మల్ని పిలుస్తాడు. ఆ ప్రోగ్రాము పేరేమిటో చదివి, మీ చేత్తో కొట్టండి. మీరు బజారులో ఉన్నప్పుడు ఫోను చేస్తే మాత్రం "వచ్చాక చూద్దాం" అనండి. ఒకసారి ఫోనులో చెప్పిన పాస్‌వర్డ్ ఇక అందరిదీ.

మీరు లేచి వెళ్లేటప్పుడు విండోస్ బొత్తాం, ఎల్ కలిపి నొక్కితే తెరకు తాళం పడుతుంది. వంటింట్లో కుక్కరు కూత వేసినా ముందు అది నొక్కాలి. వారం రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత చేయి దానంతట అదే వెళ్తుంది. కంప్యూటర్‌ను బాగుచేయడానికి నాలాంటివారికి ఇచ్చేటప్పుడు కూడా మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. సీపీయూ మీద మార్కర్‌తో పాస్‌వర్డ్ రాసి తెచ్చేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. పరీక్షించడానికి ఒక ఖాళీ యూజర్ చేసి ఇస్తే చాలా మరమ్మతులకు సరిపోతుంది.

మామగారి గురించి అడిగారు. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోలేరని, ఆయనకు లేకుండా చేయవచ్చా అని. ఆయన యూజర్ స్టాండర్డ్ అయి, అందులో పేపర్లు తప్ప బ్యాంకు, మెయిల్ ఏవీ తెరవకపోతే నాలుగు అంకెల పిన్ చాలు. ఆయనకు ఏ తేదీ బాగా గుర్తుంటుందో అదే పెట్టండి. పింఛను ఖాతా మాత్రం అక్కడ తెరవవద్దు, మీ సాయంతో ఆయన ఫోనులోనే చూసుకోమనండి. కొత్త యూజర్‌లో అక్షరాల సైజు, తెలుగు కీబోర్డు పాత యూజర్ నుంచి రావు, ఎవరివి వారికి విడిగా పెట్టాలి. ఆయన పొద్దున్నే కూర్చునే ముందు, ముందురోజు రాత్రే ఆ రెండూ సరిచేసి, ఆయన చదివే పేపర్ల బుక్‌మార్కులు పాత వరుసలోనే పెట్టి ఉంచండి.